ట్రయల్ పూర్తికాని బండి

ఫ్యాక్టరీ గేటు దగ్గర గడ్డి కోసే మిషన్ స్టార్ట్ చేసినప్పుడల్లా ఆయిల్ కలిసిన పెట్రోలు పొగ గుప్పుమంటుంది. అందరూ ముక్కు మూసుకుని పోతారు. నేను కాసేపు అక్కడే నిలబడతాను. నాకది ప్రసాదరావు సార్ వాసన. పటాన్‌చెరులో మా మెయింటెనెన్స్ విభాగానికి ఆయన పెద్ద. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నాకు పని నేర్పింది ఆయనే. విప్పి బిగించిన ఏ మిషన్‌నైనా ట్రయల్ పూర్తికానిదే ప్రొడక్షన్ వాళ్లకు ఇచ్చేవారు కాదు. మేనేజరు వచ్చి నెత్తిన కూర్చున్నా, "ఇంకో షిఫ్టు నడవనివ్వండి, చూద్దాం" అనేవారు. ఆ మొండితనానికి నేను మురిసిపోయేవాణ్ణి.

మూతపడిన ఓ రిసార్టు నుంచి ఆయన ఆయిల్ కలిపిన పెట్రోలుతో నడిచే పాత టూ స్ట్రోక్ క్వాడ్ బైక్ కొన్నారు. లావు టైర్ల నాలుగు చక్రాల బండి. పక్షవాతంతో ఆయన భార్య సుభద్రమ్మగారికి నడక పోయింది. కొండాపూర్ దగ్గర ఆవిడ నాటించిన మామిడి తోట ఉంది. కారు రోడ్డు పక్క షెడ్డు దాకానే వెళుతుంది, ఆపైన అంతా రాళ్లూ గుంతలూ. ఆవిణ్ణి ఎక్కించుకుని తోటంతా తిప్పాలని సార్ కోరిక. వెనక ఆనుకునే సీటు, బెల్టు కూడా బిగించారు.

ఆదివారాలు ఆ షెడ్డులోనే ఇంజన్ మొత్తం విప్పి, కొత్త పిస్టన్ వేసి బిగించాం. స్టార్టయింది గానీ, వేడెక్కగానే యాక్సిలరేటర్ వదిలినా దానంతటదే అరిచేది. ఎన్నిసార్లు కార్బురేటర్ కడిగినా అదే వరస. చివరకు సార్ ఇంజన్ దారులన్నీ మూయించి, సైకిల్ పంపుతో మెల్లగా గాలి ఎక్కించి, అతుకులకు సబ్బు నురగ పూయమన్నారు. ఓ పక్క రబ్బరు సీలు దగ్గర బుడగలు లేచాయి, గాలి దూరేది అక్కడే. దొంగ దొరికాడు! సీలు మార్చాక బండి బుద్ధిగా నడిచింది.

ఆ రోజు కారులో షెడ్డు దాకా వచ్చిన సుభద్రమ్మగారు వీల్‌చెయిర్లోంచి నవ్వారు. "ఏవండీ, ఇవాళే తీసుకెళ్లండి. పూత చూడాలనుంది."

సార్ ఇంజన్ దగ్గర చెవి పెట్టారు. "ఉండవే, లోపలెక్కడో టిక్కుమంటోంది. మధ్యలో ఆగిపోతే?"

"మంచిగనే నడుస్తుంది సార్. నేను ఎనక నడుసుకుంట వస్త, ఆగితె నూకుత," అన్నాను.

"ట్రయల్ అవలేదు యాదగిరీ."

"మీ ట్రయల్ మండిపోనూ! నేనేమన్నా మీ ప్రొడక్షన్ డిపార్ట్‌మెంటునా?" అందావిడ. నవ్వుతూనే అంది గానీ కళ్లు తడిశాయి. సార్ మళ్లీ ఇంజన్ విప్పారు.

ఆ టిక్కు బేరింగుదేనని తేల్చారు గానీ, కొత్తది ఎంతకీ దొరకలేదు. పూత పోయి పిందెలు పడ్డాయి. ఇంజన్ ఇంకా బల్ల మీద విప్పి ఉండగానే రెండోసారి పక్షవాతం వచ్చి సుభద్రమ్మగారు పోయారు.

పెద్దకర్మ అయ్యాక సార్ కబురు చేశారు. ఇద్దరం కలిసి కొత్త బేరింగుతో ఇంజన్ బిగించాం. ఒక్క కిక్కుకే అందుకుంది. అయినా నాకు ఆ టిక్కు వినబడింది.

"సార్, సప్పుడు ఇంక పోలే."

"విన్నానయ్యా. అప్పుడూ ఆ చప్పుడుతోనే నడిచుండేది," అన్నారు. "ఎక్కు."

ఆవిడ కోసం బిగించిన సీట్లో నన్ను కూర్చోబెట్టుకుని, చెట్టు చెట్టు దగ్గరా ఆపుతూ తోటంతా తిప్పారు. బండి ఎక్కడా మొరాయించలేదు. ఒక్కసారైనా ఆగిపోతే బాగుండునని, ఆయన కోసం, లోలోపల మొక్కుకున్నాను.

సార్ ఇప్పుడు లేరు. ఆయన కుర్చీలో నేనున్నాను. ఫ్యాక్టరీలో ట్రయల్ లేకుండా ఏ మిషన్‌నీ వదలను. ఇంట్లో మాత్రం ఎవరు ఎక్కడికి తీసుకెళ్లమన్నా, ఆ పూటే, ఉన్న బండి మీదే బయలుదేరతాను. మా ఆవిడ చీర మార్చుకునేలోపు గేటు తీసి నిలబడతాను.

"ఇంత పరేషానెందుకు? రేపు పోతె ఏమైతది?" అంటుంది.

ఏమవుతుందో నేను చూశాను. బండి స్టార్ట్ చేస్తాను.