కొబ్బరి నూనె రాసిన స్కీలు

పడిపోవడమంటే సుకుమారికి చిన్నప్పటి నుంచీ భయం. తల్లయ్యాక ఆ భయం రెట్టింపైంది. ఖతార్‌లోని అల్ వక్రాలో వాళ్ళు అద్దెకుంటున్న మూడో అంతస్తు ఇంటి మెట్ల మీద ఐదేళ్ళ కూతురు ఫెబి చెయ్యి ఎప్పుడూ వదిలేది కాదు. ఇంట్లో ఏ బల్ల మూల పిల్ల తలకు తగిలే ఎత్తులో ఉందో ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. రాజోలు దగ్గర జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి అబూ హమూర్‌లో ఒక ఇండియన్ స్కూల్లో సైన్స్ టీచరుగా చేరింది. పైనుంచి జారిన వస్తువు ఎంత వేగంతో నేలను తాకుతుందో లెక్క కట్టగలిగిన వాళ్ళకు కంటినిండా నిద్ర ఎక్కడిది అని నవ్వేవాడు భర్త ఎడ్విన్.

అలాంటి మనిషి చర్చి సంఘమంతా చూస్తుండగా ఇసుకలో మొహం కూరుకునేలా పడింది. అందుకు కారణం విజయరత్నం.

విజయరత్నం ఎడ్విన్‌కు పెదనాన్న కొడుకు, సుకుమారికి బావగారు. స్టేడియం పనుల్లో సేఫ్టీ ఆఫీసరు. ఎడ్విన్‌కు వీసా తెప్పించిందీ ఆయనే, ఆ మాట సందర్భం ఉన్నా లేకపోయినా గుర్తు చేసేదీ ఆయనే. ఖతార్‌లో సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారపు ఆరాధన శుక్రవారమే జరుగుతుంది. ఏటా జనవరిలో ఒక శుక్రవారం ఆరాధన ముగియగానే తెలుగు సంఘం వాళ్ళంతా బిర్యానీ గిన్నెలతో మెసయీద్ దాటి ఇసుక తిన్నెల దగ్గరకు పిక్నిక్కు వెళ్తారు. మైకు విజయరత్నం చేతిలో ఉంటుంది.

ఆ ఏడు ఆయన ఒక జత స్కీలు తెచ్చాడు. మంచు మీద జారేవే, కాకపోతే పొట్టివి. నిలబెడితే నడుము దాకా కూడా రావు. దేశం వదిలిపోతూ సామాన్లమ్ముకున్న ఒక ఫ్రెంచి ఇంజనీరు దగ్గర కొన్నాడట. సైట్లో వేసుకునే సేఫ్టీ షూ మీద పట్టీలు బిగిస్తే చాలు. తిన్నె నడుమ ఇసుక కుప్ప పోయించి, దాని మీద చెక్క ఏటవాలుగా పెట్టించాడు. పైనుంచి జారుకుంటూ వచ్చి, ఆ చెక్క ఎక్కి గాల్లోకి లేచి, అవతల నిలబడాలి.

"యల్లా, పదండి, ఎవరొస్తారు? నేనే దూకుదును, ఈ మోకాలొకటి సహకరించట్లేదు," అన్నాడు మైకులో. "టీచరమ్మ రావాలి. పుస్తకంలో చదివిందంతా చూపించాలి."

సుకుమారి తల అడ్డంగా ఊపింది. కానీ పక్కన ఫెబి ఎగురుతోంది. "అమ్మా, దూకమ్మా." ఆ పిల్ల కళ్ళు చూశాక కాదనలేకపోయింది.

"ఆగండాగండి," అన్నాడు విజయరత్నం. "అడుగున కొబ్బరి నూనె రాయండి. కోనసీమోళ్ళం, మనకి తెలియని జారుడా?"

అందరూ నవ్వారు. నూనె రాస్తే ఇసుక అంటుకుంటుందని సుకుమారికి ఆ క్షణానే అనిపించింది. అంతమందిలో బావగారి మాటకు ఎదురు చెప్పలేక ఊరుకుంది. తలకూ వంటకూ దెబ్బకూ దోమకూ ఒకే సీసా వాడే ఊళ్ళ నుంచి వచ్చిన వాళ్ళెవరికీ అనుమానం రాలేదు. నూనె పట్టించిన స్కీలు పిండిలో పొర్లించిన చేపముక్కల్లా ఇసుకను అంటించుకున్నాయి. చెక్క ఎక్కేసరికే వేగం చచ్చింది. కాళ్ళు అంచు మీద ఆగిపోయాయి. మనిషి ఆగలేదు.

ఆ సాయంత్రమే, ఆమె పడుతుండగా బావగారు తీసిన వీడియో సంఘం వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. "మా సుకుమారి సుకుమారంగా దిగింది" అని రాశాడు విజయరత్నం. వీడియో పొడవునా ఆయన నవ్వే. రాజోలు నుంచి కూడా ఫోన్లు వచ్చాయి. అవన్నీ సుకుమారి ఓర్చుకుంది.

ఓర్చుకోలేనిది ఆ మర్నాడు మెట్ల మీద జరిగింది. చెయ్యి అందిస్తే ఫెబి వెనక్కి లాక్కుంది.

"వద్దు. నువ్వు పడతావుగా. నేను డాడీ చెయ్యి పట్టుకుంటా."

ఎడ్విన్ నవ్వబోయి, భార్య మొహం చూసి ఆపుకున్నాడు. ఆ పూట అన్నం వడ్డిస్తూ సుకుమారి నెమ్మదిగా అంది. "వచ్చే పిక్నిక్కులో నేను దూకి నిలబడాలి. ఆయన దూకి పడాలి. రెండూ అదే చోట, అందరి ముందూ, ఫెబి చూస్తుండగా."

"అన్నయ్యే కదా, ఏదో సరదాకి..."

"నాదీ సరదాయే."

సాయం ఆమె అనుకోని వైపు నుంచి వచ్చింది. విజయరత్నం భార్య సుహాసిని ఫోన్ చేసింది. "స్కీలు మా స్టోర్‌రూములో ఉన్నాయి, చెల్లీ. తాళం నా దగ్గరే. శనివారాలు ఈయనకి డ్యూటీ. ఎడ్విన్‌ని కారు తియ్యమను."

"మీకెందుకక్కా ఈ గొడవ?"

"మా పెళ్ళి వీడియోలో ప్రమాణాలప్పుడు నేను తుమ్మాను. ఆ ముక్క ఒక్కటీ కోయించి దాచుకున్నాడు. ఇంటికి చుట్టాలొస్తే ఇప్పటికీ వేస్తాడు. కాఫీ ఇచ్చేది నేను, నవ్వేది వాళ్ళు."

అలా మొదలయ్యాయి ఆ శనివారాలు. ఎడ్విన్ కారు నీడలో ఫెబిని ఆడిస్తూ ఉండేవాడు. దూకేచోటు తిన్నె అవతలి వైపుకు మార్చుకున్నారు. పూర్తిగా నేర్చుకునేదాకా పిల్ల చూడకూడదని సుకుమారి పంతం. క్రిస్మస్ ఆరాధనలో వెలిగించగా మిగిలిన కొవ్వొత్తులు సుహాసిని సంచీ నిండా తెచ్చింది. స్కీల అడుగున వాటిని రుద్ది గుడ్డతో తుడిస్తే ఇసుక మీద గాజుపలకల్లా జారాయి.

జారడం వచ్చింది. దిగడం రాలేదు. దూకిన ప్రతిసారీ కళ్ళు కాళ్ళ కిందికి పోయేవి, నడుము ముందుకు వంగేది, స్కీల ముక్కులు ఇసుకలో గుచ్చుకునేవి. నోట్లో ఇసుక, చెవుల్లో ఇసుక. మర్నాడు క్లాసులో బోర్డు తుడుస్తుంటే భుజం పీకేది. పిల్లలు ఏమైంది మేడమ్ అంటే మెడ పట్టింది అనేది. లేచిన ప్రతిసారీ విజయరత్నం నవ్వును ఒకసారి తలుచుకునేది. మందులా పనిచేసేది.

చివరికి తన పాఠమే తనకు గుర్తొచ్చింది. బల్లపరుపు నేల మీద పడితే దెబ్బంతా ఒక్కసారే తగులుతుంది. ఏటవాలు మీద, ఆ వాలు పోయే వైపే పోతూ దిగితే నేల మనల్ని కొట్టదు, మోసుకుపోతుంది. చెక్కను ఇంకా పైకి జరిపించింది, దిగే చోటు కూడా వాలులోనే పడేటట్టు. చూపు దూరంగా కనిపించే సముద్రపు గీత మీద పెట్టింది. ఇసుక తగిలే క్షణాన మోకాళ్ళు మడిచి, బరువు ఒక పిసరు మడమల వైపు వేసింది.

ఎండాకాలం తిన్నెల మీద కాలు పెట్టలేని రోజుల్లో ఇంట్లో సోఫా మీద నుంచి పరుపు మీదికి దూకేది. "కింది ఫ్లాటు వాళ్ళొచ్చి తలుపు కొడతారు," అనేవాడు ఎడ్విన్. ఆ వేసవిలోనే అల్ వక్రాలో స్టేడియం తెరిచారు, మెట్రో వచ్చింది, ఊరంతా ప్రపంచకప్పు మాటలే. సుకుమారి మాత్రం జనవరి కోసం చూస్తోంది. నవంబరులో మళ్ళీ ఇసుక ఎక్కింది. డిసెంబరు చివరికి పదిసార్లు దూకితే ఒకసారో రెండుసార్లో తప్ప పడటం లేదు.

పిక్నిక్కు రోజు విజయరత్నం మైకు పట్టుకుని మొదటి మాటే అది అన్నాడు. "టీచరమ్మా, ఈ ఏడు కూడా మాకు వినోదం ఉందా?"

"ఉందండీ బావగారూ," అంది సుకుమారి, షూ లేసు బిగిస్తూ. "చెక్క కొంచెం పైకి జరిపించండి."

స్కీలకు సుహాసిని ముందురోజే మైనం పట్టించి ఉంచింది. సుకుమారి జారింది, లేచింది, సముద్రపు గీత చూసింది, దిగింది. మోకాళ్ళు మడుచుకుని మళ్ళీ విచ్చుకున్నాయి. కింద దాకా నిలబడే వెళ్ళి ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆమె కళ్ళు ఫెబి కోసం వెతికాయి. ఫెబి లేదు. ఎవరో ఆంటీ బాత్రూముకు తీసుకెళ్ళిందట.

ఇంతలో జనం విజయరత్నం మీద పడ్డారు. "స్కీలు తమరివి, దూకుడు ఆవిడదీనా?" "సేఫ్టీ ఆఫీసరు గారికి భయమేంటండీ?" మోకాలు సాకు ఈసారి పనిచెయ్యలేదు. ఆయన పట్టీలు బిగించుకుంటుంటే సుకుమారి దగ్గరికి వెళ్ళింది. పిల్ల చర్మం పగులుతుందని చేతిసంచీలో ఎప్పుడూ ఉంచుకునే సీసా తీసింది.

"బావగారూ, నూనె మర్చిపోయారు."

ఆయన సీసా వంకా ఆమె వంకా చూశాడు. "నువ్వు రాసుకున్నావా?"

"పోయినేడు రాసుకున్నాను కదండీ. మీరు చెప్పిందే."

పోయినేడు మైకులో తనే చెప్పిన మాట. వద్దంటే ఎందుకు వద్దో అందరికీ చెప్పాలి. పుచ్చుకుని తన చేత్తోనే పట్టించాడు. సుహాసిని ఫోన్ తీసింది.

స్కీలు ఇసుక అంటించుకుంటూ దిగాయి. చెక్క అంచు మీద ఆగాయి. విజయరత్నం ఆగలేదు. రెండు చేతులూ చాచి, ప్రార్థనకు బోర్లా పడ్డవాడిలా ఇసుకలోకి వెళ్ళాడు. తిన్నె అంతా ఒకటే నవ్వు. ఏడాదిగా కడుపులో మోస్తున్నదేదో సుకుమారికి చల్లగా దిగింది. ఆయనకు దెబ్బ తగల్లేదని చూసుకుని మరీ నవ్వింది.

అప్పుడొచ్చింది ఫెబి, తడి చేతులు గౌనుకు తుడుచుకుంటూ. "పెద్దనాన్న కూడా అమ్మలాగే పడ్డాడు," అంది సంతోషంగా.

సుకుమారి నవ్వు ఆగిపోయింది. స్కీలు విప్పించుకుని, నూనె అంతా తుడిచి, కొవ్వొత్తి మళ్ళీ రుద్దింది. గాలి పెరుగుతోంది. తన ఫోన్ విజయరత్నం చేతిలో పెట్టింది.

"మీరే తియ్యండి బావగారూ. నవ్వకుండా."

కనుబొమల మీద ఇసుకతో ఆయన ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

రెండో దూకు మొదటిదంత బాగా రాలేదు. దిగేటప్పుడు ఒక చెయ్యి ఇసుకకు తగిలింది. అయినా నిలబడింది. ఫెబి చాలాసేపు తల్లి కాళ్ళ వంక చూసింది. తర్వాత దగ్గరికొచ్చి, చెయ్యి చాపింది.

"పైకి పోదాం. నన్ను దించు."

పడతావు అనే మాట సుకుమారి నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసి, చెయ్యి పట్టుకుంది.

గ్రూపులో ఆ రెండో దూకు వీడియో ఇప్పటికీ ఉంది. అందులో నవ్వు లేదు, తీస్తున్న మనిషి రొప్పు మాత్రం వినిపిస్తుంది. ఇంకో వీడియో, విజయరత్నం బోర్లా పడ్డది, సుహాసిని ఫోన్లో భద్రంగా ఉంది. గ్రూపులో పెట్టలేదు. చుట్టాలొచ్చినప్పుడు కాఫీ కప్పుల పక్కన ఆ ఫోన్ కూడా పెడుతుంది. వాళ్ళింట్లో తుమ్ము వీడియో ఆ తర్వాత ఎవరూ చూడలేదు.