నాకు రావలసిన కొబ్బరికాయ

బోథ్ జాతరలో, అంత జనం మధ్య, మా మేనమామ కళ్ళెదుట, నేను పెళ్ళాడవలసిన పిల్ల కళ్ళెదుట, నేను వెల్లకిలా పడ్డ కథ ఇది. ముందే చెప్పేస్తున్నాను. నేను చెప్పకపోతే మా చుట్టాల్లో ఎవరో ఒకరు ఎలాగూ చెబుతారు. పెళ్ళికి పోయినా చెబుతారు, చావుకు పోయినా చెబుతారు. అయితే వాళ్ళు చెప్పేటప్పుడు అసలు ముక్క మింగేస్తారు. ఆ కుస్తీ గెలిచింది నేను. నవ్వకండి. పూర్తిగా విన్నాక నవ్వుదురుగాని.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో మాట. మాది మెట్‌పల్లి, మగ్గం మీద బతికే ఇల్లు. నాకు పెళ్ళీడు వచ్చింది గానీ ఒళ్ళు మాత్రం రాలేదు. "తిన్న బువ్వంత యాడికి పోతుందిర?" అని అవ్వ, అంటే మా అమ్మ, రోజూ అడిగేది. మా మేనమామ బోథ్‌లో పత్తి వ్యాపారి, వయసులో ఉన్నప్పుడు పేరున్న పహిల్వాన్. ఆయన కూతురు గంగు నాకేనని చిన్నప్పటి నుంచీ అందరూ అనుకున్నదే. తీరా అవ్వ పోయి అడిగితే మామ మెలిక పెట్టాడు.

"నాకు అల్లుడయ్యెటోడు మా జాతరల కొబ్బరికాయ కుస్తీ అన్న గెల్వాలె అక్కా. గది గూడ చేతగానోనికి పిల్లనిస్తె నలుగురు నన్ను జూసి నవ్వుతరు."

మా దిక్కు జాతరల్లో కుస్తీలు కొబ్బరికాయతో మొదలవుతాయి. ముందుగా కొత్తవాళ్ళు కొబ్బరికాయ కోసం తలపడతారు. పోను పోను పెద్దవాళ్ళు దిగుతారు, ఆఖరు కుస్తీకి వెండి కడియం. అంటే మామ నన్ను అడిగింది అన్నిటికంటే చిన్న కుస్తీ. అది కూడా నా వల్ల కాదని ఆయనకు నమ్మకం. ఒళ్ళు మండదా మరి?

"కుస్తీ పడుత! కొబ్బరికాయ తెస్త!" అని ఇంట్లో అరిచాను. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వు ఆపుకుంటోందట.

కుస్తీలు నేర్పే మా ఊరి తాలీంకు పోతే అక్కడి ఉస్తాద్ నన్ను కింది నుంచి పై దాకా చూసి చేతులు జోడించాడు. "నిన్ను వడేస్తె నాకు పాపం తగుల్తది బిడ్డా. ఇంటికి పో." ఇదీ నాకు దక్కిన మర్యాద!

అప్పుడు గుర్తొచ్చాడు రాజన్న కాక. మా వాడకట్టులోనే ఉంటాడు. పెద్ద యుద్ధం రోజుల్లో సిపాయిగా సింగపూర్ పోయి, అక్కడ కూరగాయలు పండించే ఒక చీనా ముసలాయన దగ్గర తాయ్ చీ అనే విద్య నేర్చుకొని వచ్చాడు. పొద్దున్నే వాకిట్లో నిలబడి, కంటికి కనబడని బర్రెను నిమురుతున్నట్టు మెల్లమెల్లగా చేతులు తిప్పుతుండేవాడు. ఆయనకు ఏదో గాలి సోకిందని వాడకట్టు అంతా తీర్మానించింది. నేనూ అలాగే అనుకున్నాను, అవసరం పడేదాకా.

"కాకా, గిది గూడ కుస్తేనా?"

"కుస్తీకి తాతసొంటిది. గిండ్ల బలంతోని పని లేదు. ఎదుటోడు నూకుతె నువ్వు మెత్తగ ఒదగాలె. వాని జోరు వాన్నే పడేస్తది."

"మరి గెలిచినట్టు ఎట్ల తెలుస్తది?"

"ఇద్దరు చేతులు ఆనిచ్చి నిలబడాలె. నూకులాడాలె. ఎవని కాలు ముందుగాల కదిలితె వాడు ఓడినట్టు. కింద పొర్లుడు, మీద గూసునుడు ఏం ఉండది."

ఎంత మర్యాదస్తుల ఆట! నా కోసమే పుట్టినట్టుంది. ఆ రోజే మొదలుపెట్టాం. అయితే ఒక చిక్కు వచ్చింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ నేను మగ్గం మీద కూర్చున్నవాణ్ణి. చేయి ఆడితే కాలు తొక్కాలి, అదే మా బతుకు. కాక నా చేతిని నూకడం ఆలస్యం, నా కాళ్ళు వాటంతట అవే ఒకదాని తర్వాత ఒకటి లేచేవి.

"నువ్వు నూకులాడుతున్నవా, చీర నేస్తున్నవార?" అని కాక గద్దించాడు.

"నేనేం జేయాలె కాకా? కాళ్ళు నా మాట ఇంటలేవు."

కాక ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. మాది గుంట మగ్గం. నేసేవాడు కాళ్ళు గుంటలో పెట్టి గట్టు మీద కూర్చుంటాడు. కాక నన్ను ఆ గుంటలోనే నిలబెట్టాడు. తొడల దాకా గుంటలో ఉంటే కాలు ఎక్కడికి పోతుంది? ఆయన గట్టు మీద చతికిలబడి నూకేవాడు, నేను నడుము దగ్గర మెత్తగా తిరిగి ఒదిగేవాణ్ణి. బ్రహ్మాండంగా కుదిరింది! గుంటలో నిలబడ్డ నన్ను కదిలించే మగాడు మెట్‌పల్లిలో లేడు. బాపు అంగడి నుంచి వచ్చి తిట్టినా నేను కదల్లేదు.

"చీర ఆడ్నే ఆగింది! వీడు గుంటల నిలబడి గాలి నూకుతుండు! ఓ రాజన్నా, నీకన్న బుద్ధి ఉండద్దా?"

"జర ఓపిక వట్టన్నా. నీ కొడుకు కొబ్బరికాయ తెస్తడు."

కొన్నాళ్ళకు ఒకసారి నేను ఒదిగిన ఒదుగుకు కాకే గుంటలోకి బోర్లా పడ్డాడు. "ఇగ నువ్వు పో. నిన్ను కదిలిచ్చెటోడు లేడు" అని మోకాలు రుద్దుకుంటూ దీవించాడు. ఇన్నాళ్ళ సాధనలో నా కాళ్ళను ఎవరూ ఒక్కసారైనా ముట్టుకోలేదు. గుంటలో ఉన్న కాళ్ళను ఎవరు ముట్టుకుంటారు? ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోండి. నాకు ఆ రోజు తట్టలేదు.

జాతరకు ముందు రోజు బస్సెక్కి, సోన్ దగ్గర గోదావరి దాటి, సాయంత్రానికి బోథ్ చేరాను. మామ అరుగు మీద కూర్చొని చెవిలో పుల్ల తిప్పుకుంటున్నాడు. ఆయనకు నా విద్య గురించి వివరంగా చెప్పాను.

"కాలు కదిలితె ఓడుడా? గట్లయితె మా ఎడ్లు రోజు ఓడుతున్నయ్" అన్నాడు.

గడప లోపల గంగు బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండా అడిగింది. "బావా, జరంత కదిలినా ఓడినట్టేనా?"

"వేలంత కదిలినా ఓడినట్టే!" నేనే ఆ ఆటకు చట్టం రాసినంత ధీమాగా అన్నాను. గంగు తల ఊపి మళ్ళీ బియ్యంలో పడింది. ఆ తల ఊపడం వెనుక ఏముందో నాకు ఎలా తెలుస్తుంది?

మర్నాడు బరిలో దిగాను. నా మీదికి మారుతి అనే మరాఠీ కుర్రవాణ్ణి వదిలారు. వాడికి తల ఉంది, భుజాలు ఉన్నాయి, మధ్యలో మెడ అనేది లేదు. వాడు తొడ చరిచి నా చేతుల మీద మట్టి చల్లాడు. నేను తొడ చరచలేదు. నా తొడ చరిస్తే చప్పుడు రాదు, ఎముక తగులుతుంది. పాదాలు నేలకు అతికించి, చేతులు మెల్లగా ముందుకు చాపాను.

"గీడేంది, బువ్వ అడుక్కుంటుండా?" అని ఎవరో అరిస్తే జనం గొల్లుమన్నారు.

మారుతి దూసుకొచ్చి రెండు చేతులతో నూకాడు. నా నడుము దానంతట అదే తిరిగింది. వాడి జోరంతా ఖాళీలోకి పోయింది. వాడు తూలి, నన్ను దాటి, గబగబా అడుగులు వేసి బరి అంచున ఆగాడు. నవ్వే జనం నోళ్ళు మూతపడ్డాయి. కాలు కదిలింది! ఒకటి కాదు, రెండూ!

నేను వెంటనే చేతులు పైకెత్తి, నాలుగు దిక్కులా దండం పెట్టి, "మామా! కొబ్బరికాయ!" అని కేక వేసి, కొబ్బరికాయ కట్టిన గుంజ వైపు నడిచాను. వెనక మారుతి "కాయ్ ఝాలా?" అంటూ ఏమైందని అడగడం వినిపించింది. "ఏం గాలే, వట్టు!" అన్నాడు కుస్తీలు ఆడించే పెద్దమనిషి. అంతే. నా రెండు కాళ్ళూ ఎవరో దొరకబుచ్చుకున్నారు. ముందు ఆకాశం కనబడింది. తర్వాత వీపుకు భూమి తగిలింది. ఆ తర్వాత ఛాతీ మీద మారుతి కూర్చున్నాడు.

"వాని కాలు ముందుగాల కదిలింది!" కింద నుంచే అరిచాను.

"నీ ఈపు భూమికానింది గద కొడుకా" అన్నాడు పెద్దమనిషి.

"ఈపు సంగతి ఎవలడిగిన్రు? కాలు సంగతి జెప్పున్రి!"

"కాలు కదల్చకుంట కుస్తీ ఎట్ల వడుతరుర?"

"గది మీ తప్పు! నాదా?"

మారుతి నా మీద కూర్చొనే ఒకసారి ఆయన వైపు, ఒకసారి నా వైపు చూశాడు. చివరికి విసుగొచ్చి తానే లేచి, కొబ్బరికాయ తీసుకొని పోయాడు. నా కొబ్బరికాయ! తర్వాతి జోడీకి ఆలస్యమవుతోందని నలుగురు నన్ను ఎత్తి బయట పెట్టారు. నేను గాలిలో కూడా వాదిస్తూనే ఉన్నాను.

ఇంటికి వచ్చాక మామ నా మొహం చూడలేదు. "రేపు మొదటి బస్సుకు పో అల్లుడా. పిల్ల సంగతి ఇగ మర్సిపో" అన్నాడు. కొబ్బరికాయ పోతే పోయింది, గంగు లేకుండా మెట్‌పల్లి పోయి ఏ మొహంతో మగ్గం మీద కూర్చోవాలి? అయినా నోరు ఊరుకోదు కదా. "అన్యాయం మామా! వాని కాలు..." అని మళ్ళీ మొదలుపెట్టాను.

లోపలి నుంచి గంగు గొంతు వినిపించింది. "వాని కాలు కదిలింది బాపు. నేను సూసిన."

"నువ్వు గూడనా? కుస్తీల కాలు లెక్క గాదే!"

"బావ నిన్ననే జెప్పిండు గద. నువ్వు అప్పుడు వద్దనలే. ముందుగాల జెప్పినంక గదే లెక్క."

మామ ఆమెను చూశాడు. నన్ను చూశాడు.

"మస్తు కుస్తీలు సూసిన" అన్నాడు చివరికి. "ఓడి ఏడ్సినోళ్ళను సూసిన, ఉరికినోళ్ళను సూసిన. ఎదుటోడు మీద గూసున్నంక గూడ పంచాది వెట్టినోన్ని సూడలే. గీ పోరి నోటికి ఎదురు నిలిచెటోడు యాడ దొర్కుతడా అని నాకు ఫికరుండె. ఇగ మీరిద్దరు బతికినన్ని రోజులు లొల్లి వెట్టుకోన్రి. నన్ను ఇడిసిపెట్టున్రి."

చూశారా అన్యాయం? గెలిచానని ఒప్పుకొని పిల్లనివ్వలేదు, విసిగిపోయి ఇచ్చాడు! పెళ్ళిలో నా చేతికి కొబ్బరికాయ అందిస్తూ "ఇగో, నువ్వు గెల్వనిది" అని నలుగురికీ వినబడేలా అన్నాడు.

పెళ్ళయిన కొత్తల్లో ఒకరోజు గంగు మళ్ళీ బోథ్ పోతానంది. వీల్లేదని గడపకు అడ్డంగా నిలబడ్డాను. రొట్టెల పిండి అంటిన చెయ్యి నా ఛాతీ మీద పెట్టి జరంత నూకింది. గుంటలో అయితే కదిలేవాణ్ణి కాను. నా ఎడమ కాలు వెనక్కి పోయింది.

"కాలు కదిలింది బావా. వేలంత కదిలినా ఓడినట్టే అన్నవ్ గద" అని మూట తీసుకొని బయల్దేరింది.

"నా ఈపు భూమికానలే! కుస్తీల ఈపే లెక్క!" అని వెనక నుంచి అరిచాను.

"గది బోథ్ లెక్క. మనింట్ల నీ లెక్కనే" అంది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక్క వాదం నేను గెలిచింది లేదు. కాబట్టి కొబ్బరికాయ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. గడప లోపల ఎవరైనా బియ్యం ఏరుతుండగా ఈ జన్మలో ఇంక ఏ ఆట నియమమూ నోరు తెరిచి చెప్పను. ఈ కొబ్బరికాయ మాత్రం అంగట్లో కొన్నది. నాకు రావలసింది ఇంకా బోథ్‌లోనే ఉంది.