ఒక బండికి ఒకటే నంబరు

రైల్వే వాళ్ళుండే పేట ఝపటాపూర్‌లో నేను అద్దెకుండే ఇంటి ఓనరు తాతగారు కిందటి మంగళవారం పొద్దున చనిపోయారు. గుండె ఆగిందన్నాడట డాక్టరు. వాళ్ళమ్మాయి ఫోనులో ఆ మాట చెప్తుంటే నాకు ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది. ఆగింది అంటే చాలు, ఆయన ఊరుకునేవారు కాదు.

రైల్వే కేబిన్‌లో సిగ్నళ్ళు వేసి రిటైరయిన శ్రీకాకుళం మనిషి. నేను కరీంనగర్ పిల్లను. నా "గిట్ల"కు ఆయన, ఆయన "ఏటి"కి నేను నవ్వుకునేవాళ్ళం. పక్కనే హిజ్లీలో ఉన్న ఇంజనీరింగ్ క్యాంపస్‌లో నా పరిశోధన, బాక్టీరియా ఈతను కొలిచే సాఫ్ట్‌వేర్ రాయడం. మైక్రోస్కోపు వీడియోలో కదిలే ఒక్కో చుక్కకూ అది ఒక నంబరిచ్చి, ఎటు పోయింది, ఎంత వేగంగా పోయింది అని లెక్కగడుతుంది. ఆ చుక్కలు ఆయనకు రైలుబళ్ళే. సాయంత్రం సైకిల్ దిగగానే, ఈరోజు ఎన్ని బళ్ళు నడిపినావమ్మా అని అడిగేవారు. ఆదివారం వరండాలో లాప్‌టాప్ తెరిస్తే టీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చునేవారు.

ఒక ఆదివారం నలభయ్యొకటో నంబరు చుక్క ఆగింది. చచ్చిందనుకుని సాఫ్ట్‌వేర్ దాన్ని వదిలేసింది. కాసేపటికి అదే చుక్క కదిలితే కొత్త నంబరు తగిలించింది. తాతగారు గ్లాసు కింద పెట్టారు.

"ఆగినాదంటే సచ్చిపోనాదనేటమ్మా? సిగ్నల్ కోసం ఆగినాదేమో. మళ్ళా బయల్దేరితే నంబరు మార్సేస్తావేటి? ఒక బండికి ఒకటే నంబరు."

నాకు ఒళ్ళు మండింది. తీరా చూస్తే ఆయన మాటే నిజం. ఒక్క బాక్టీరియానే రెండు మూడుగా లెక్కేశాను. కొలతలన్నీ తప్పే. మళ్ళీ మొదటికొచ్చి, ఆగినదాని కోసం అక్కడే కాచుకునే నియమం రాసి, దానికి 'సిగ్నల్' అని పేరు పెట్టాను.

థీసిస్ మొదటి పేజీలో, ఈ తప్పు పట్టింది మా ఇంటి తాతగారు, రైల్వే కేబిన్ మనిషి అని రాశాను. పరీక్షకులు నవ్వుతారు, ఆ వాక్యం తీసెయ్యమన్నారు మా గైడు. తాతగారు బతికుండగా నీళ్ళు నమిలాను. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. నిన్న వెళ్ళి చెప్పేశాను.

"నవ్వితే నవ్వనీయండి సార్. తీయను."

గైడు ఇంకా థీసిస్ మీద సంతకం పెట్టలేదు. పెట్టేదాకా ఇదే పేజీ పట్టుకెళ్తాను.

ఇవాళ వరండాలో ఆ పాత వీడియోనే వేశాను. నలభయ్యొకటి ఆగింది. సాఫ్ట్‌వేర్ దాన్ని వదల్లేదు, నేనూ లేవలేదు. చుక్క పక్కకు తిరిగి, మెల్లగా కదిలింది. దాని పైన నంబరు నలభయ్యొకటే.