పైకి చెప్పని తూకం

ఆ ఊళ్లో నేను చేసిన మొదటి తప్పు, ఒక పసిపిల్ల బరువును పైకి చదవడం.

అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా చేరి అప్పటికి రెండు నెలలు. ఇల్లు కామారెడ్డిలో, పని ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో. నా కింద ఇరవై చిల్లర సెంటర్లు, ఒక్కోదానికి ఒక టీచర్, ఒక ఆయమ్మ. వాళ్లు నెలకోసారి పిల్లలను తూచి, బరువు రిజిస్టర్లో రాసి, ఫోన్లో ఎక్కిస్తారు. వయసుకు తగ్గ బరువుంటే ఆకుపచ్చ, తగ్గితే పసుపు, మరీ తగ్గితే ఎరుపు. అది సరిగ్గా జరుగుతోందో లేదో చూడటం నా పని.

ఆ రోజు బీడీలు చేసే ఒక అమ్మాయి, నాకంటే చిన్నదే, ఏడాదిన్నర కూతుర్ని ఎత్తుకొచ్చింది. వెంట అత్త. పిల్లను తూకానికి వేలాడే సంచిలో కూర్చోబెట్టారు. టీచర్ ముల్లు చూసి, ఏమీ అనకుండా రిజిస్టర్ మీదికి వంగింది. ఈమె పైకి చెప్పదేమిటి అనుకున్నాను. కొత్త ఉద్యోగం, పని నలుగురికీ కనబడాలన్న హుషారు. నేనే ముందుకు వంగి "ఏడు కిలోల తొమ్మిది వందలు" అన్నాను. అక్కడ ఆగినా బాగుండేది. "ఏడాదిన్నరకు ఇది చాలదు కదా, ఏం పెడుతున్నారు?" అని కూడా అన్నాను.

గదిలో పదిమంది తల్లులున్నారు. ఆ అత్త పిల్లను సంచిలోంచి తీసి కొంగు కప్పింది.

"అంగట్ల మేకపిల్లను జోకినట్టు జోకితివి గదమ్మా" అంది. "పిల్ల తూకం నల్గురు వినేటట్టు ఎవరన్న చెప్తరా?"

వాళ్లు వెళ్లిపోయాక ఆయమ్మ నాకు విడమరచి చెప్పింది. ఇక్కడ పిల్లల బరువు నోటితో అనరట. ఎక్కువుంటే కండ్లు పడ్తయి, తక్కువుంటే తల్లి మీద మాట పడ్తది. టీచర్ రాసుకుంటుంది, తల్లికి మాత్రం తెలిసేలా చెప్తుంది, అంతే. నేను ఎంఎస్సీ చదివినదాన్ని. ఇవన్నీ మూఢనమ్మకాలు, మీరే ప్రోత్సహిస్తే ఎలా అని టీచర్‌ను మందలించాను. ఆమె నాకంటే పదిహేనేళ్లు పెద్దది. "సరే మేడం" అంది.

మూడు రోజులకు ఆ పిల్లకు జ్వరం, విరేచనాలు. సూపర్‌వైజరమ్మ నోరు తగిలిందని ఊరంతా అనుకుంది. ఆ మాట నాకు చేరడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. నాకు ఎవరూ ఏదీ చెప్పని రోజులు అప్పుడే మొదలయ్యాయి.

బయటికి అంతా బాగానే ఉంది. ఆ సెంటర్ నుంచి వచ్చే అంకెలు నెలనెలా మెరుగుపడ్డాయి. ఆ పిల్ల కూడా ఎనిమిది దాటింది, ఎనిమిదిన్నర దాటింది, పసుపులోంచి ఆకుపచ్చలోకి వచ్చింది. నేను గట్టిగా ఉండబట్టే ఇదంతా అని నమ్మాను. వేరే ఊళ్లో ఒక టీచర్ పొద్దున పది దాటినా సెంటర్ తీయలేదని, తాళం వేసిన తలుపు ఫొటో తీసి, తాళం చుట్టూ ఎర్రగా గీత గీసి, అందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఆమె ఆ రోజు టీకాల కోసం ఇల్లిల్లూ తిరుగుతోందని తర్వాత తెలిసింది. ఫొటో తీసేశాను. కానీ అప్పటికే అందరూ చూశారు. క్షమించమని ఆమెకు విడిగా ఫోన్లో చెప్పాను, గ్రూపులో చెప్పలేదు.

అదే నెలలో కామారెడ్డిలో సూపర్‌వైజర్లకు రెండు రోజుల శిక్షణ. నాయకత్వం, నమ్మకం అని బోర్డు మీద రాశారు. ఒక ఆట ఆడించారు. ఒకరు కళ్లు మూసుకుని వెనక్కి పడాలి, మిగిలినవాళ్లు పట్టుకోవాలి. నా వంతు వచ్చినప్పుడు మోకాళ్లు వాటంతటవే వంగాయి. కింద కూలబడ్డాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. చెప్పిన పాయింట్లన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని కింద గీతలు పెట్టుకున్నాను.

ఊళ్లలో మధ్యాహ్నం పూట దగ్గరి సెంటర్ల టీచర్లు ఒక్కోసారి ఒకచోట చేరి డబ్బాలు విప్పుతారు. గేటు దగ్గరికి వచ్చేదాకా నాకు వాళ్ల నవ్వులు వినబడేవి. లోపలికి అడుగు పెట్టగానే ఆగిపోయేవి. ఒకరు లేచి కుర్చీ తుడిచేవారు. "కూర్చోండి మేడం." వాళ్లు చాప మీద, నేను కుర్చీలో. నా డబ్బా నేను తిని, బస్సెక్కి, లింగంపేట మీదుగా కామారెడ్డి వచ్చేదాన్ని. బస్సు నిండా ఆడవాళ్లే, ఉచిత టికెట్ కోసం ఆధార్ కార్డులు పట్టుకుని, ఒకరి ఒళ్లో ఒకరి సంచి పెట్టుకుని, ఎవరో ఏమిటో తెలియకుండానే ముచ్చట్లు. నాతో కూడా మొదలుపెట్టేవాళ్లు. ఏం పని చేస్తావు బిడ్డా అని అడిగాక, నేను చెప్పాక, కొంచెం సర్దుకుని కూర్చునేవాళ్లు.

ఇంట్లో అత్తమ్మ, పద్నాలుగు నెలల నా కూతురు. మా ఆయన మస్కట్‌లో. రోజూ వీడియో కాల్ చేస్తాడు. "పాప ఏం తింటున్నది?" "మంచిగనే తింటున్నది." నిజానికి పాప రెండు ముద్దలకే మొహం తిప్పుకుంటుంది. తొమ్మిదో నెల టీకాకు తీసుకెళ్లినప్పుడు తూచారు, అంతే. ఆ తర్వాత నేను తూపించలేదు. రోజూ ఎవరెవరి పిల్లలో సంచిలో వేలాడుతుంటే పక్కన నిలబడేదాన్ని, నా పాపను మాత్రం ఎత్తుకున్నప్పుడల్లా మనసులోనే అంచనా వేసుకుని, పర్లేదులే అనుకునేదాన్ని. అంకె చూస్తే దాన్ని మోయాలి. ఒక్కదాన్నే మోయాలి.

ఒక రోజు అత్తమ్మ రామారెడ్డిలో వాళ్ల చెల్లె ఇంటికి పోవాల్సి వచ్చింది. సెలవు దొరకలేదు. పాపను చంకనేసుకుని బస్సెక్కాను. ఆ వారం వెళ్లాల్సింది ఆ సెంటరుకే. అప్పటికి నేను బరువు చదివి నాలుగు నెలలవుతోంది.

తల్లులు ఇద్దరు ముగ్గురే ఉన్నారు. తూకం మూలన మేకుకు వేలాడుతోంది. టీచర్ నా పాప గడ్డం పట్టుకుని చూసింది.

"మేడం బిడ్డను కూడ జోకుదామా?" అంది. నవ్వుతూనే అంది కానీ, ఒక తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వద్దని చెప్పడానికి నాకు కారణం దొరకలేదు. పాపను సంచిలో పెట్టాను. అది ఏడుపు లంకించుకుంది. నేను పాప మొహమే చూస్తున్నాను, ముల్లు చూడలేదు. టీచర్ చూసింది. రిజిస్టర్ దగ్గరికి పోలేదు. నా దగ్గరికి వచ్చి, తన పైట చెంగు నా చేతి మీద కప్పి, కింద నుంచి నా వేళ్లు పట్టుకుంది. ముందు ఐదు వేళ్లూ కలిపి ఒకసారి నొక్కింది. తర్వాత రెండు. ఆగింది. మళ్లీ రెండు. పశువుల అంగట్లో బేరగాళ్లు తువ్వాల కింద పెట్టే లెక్కలాంటిది. ఏడు కిలోల రెండు వందలు.

పసుపు. నా పాప పసుపులో ఉంది.

గదిలో ఎవరికీ తెలియదు. ఆయమ్మ పాపను ఎత్తుకుని బయట కోళ్లను చూపించడానికి తీసుకుపోయింది. నాకు కళ్లలో నీళ్లు తిరుగుతుంటే గోడ మీది బొమ్మల పట్టిక చూస్తూ నిలబడ్డాను. టీచర్ తల్లులను పంపించేసి వచ్చి పక్కన నిలబడింది.

"అయితది మేడం. నూనె ఎక్కువెయ్యండి. గుడ్డు పొద్దున పెట్టండి, ఆకలి మీదుంటరు." కొంచెం ఆగింది. "నేనొకటి చెప్తె ఏమనుకోరు గద."

"చెప్పక్కా." ఆమెను అక్కా అనడం అదే మొదటిసారి.

"ఆ బీడీలామె బిడ్డను మూడు నెలలసంది నేను జోకలే. వాళ్లు రానియ్యలే. పోతే తలుపేసుకుంటున్నరు. నేనే రాసిన."

ఎనిమిది, ఎనిమిదిన్నర, ఆకుపచ్చ. నాకు ముందు కోపం వచ్చింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తె ఏం జేస్తుంటిరి?"

నేను రిజిస్టర్ తెరిచి ఆ పిల్ల పేరు వెతికాను.

"తాళం ఫొటో ఏస్తిరి. తక్కువ రాస్తే ఎందుకు తక్కువున్నదని మీటింగుల నిలబెడ్తిరి. ఎక్కువ రాసిననాడు ఎవ్వరు ఏమనలే మేడం. మీరు గూడ."

ఆమె అన్నదానిలో ఒక్క అబద్ధం కూడా లేదు. "నువ్వు చెప్పింది నేను రాయాల్సి వస్తది అక్కా" అన్నాను. "అయితే నా తప్పు ముందు రాసి, నీది తర్వాత రాస్త." ఆమె కాసేపు కొంగు చివర మడతపెట్టుకుంటూ నిలబడింది. "ముందుగాల పిల్లను చూద్దం నడువుండ్రి" అంది.

తూకం భుజానికి తగిలించుకుని ఇద్దరం ఆ ఇంటికి పోయాం, నా పాపతో సహా. ఆ అమ్మాయి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. మమ్మల్ని చూసినా వేళ్లు ఆగలేదు. అత్త గడపలోనే అడ్డం నిలబడింది.

"మల్లేంది?"

"తప్పైంది అవ్వా" అన్నాను. "ఆ రోజు పైకి అనొద్దుండె. నాకు తెల్వలే. తెల్సినంక గూడ వచ్చి అడగలే, అది ఇంకా పెద్ద తప్పు."

అవ్వ నా వైపు కాదు, నా చంకలోని పాప వైపు చూసింది. "నీ బిడ్డనా? గింత బక్కగున్నదేంది?"

"తింటలేదవ్వా."

"నీకే చేతగాలే, మాకు చెప్పవస్తివి" అంది. కానీ గడపలోంచి పక్కకు జరిగింది.

దూలానికి తాడు వేసి తూకం కట్టాం. ఆ పిల్ల ఏడవలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. సంచిలో పెడితే అట్లాగే వేలాడుతూ మమ్మల్ని చూసింది. టీచర్ ముల్లు చూసి, తల్లి దగ్గర కూర్చుని, కొంగు కింద చెయ్యి పట్టుకుంది. ఆ అమ్మాయి చెయ్యి అప్పుడు ఆగింది.

"ఏడు మీద ఒకటేనా?" అని ఆమే పైకి అనేసింది. "అప్పుడు ఏడు మీద తొమ్మిదుండె గదా. అత్తా, తగ్గింది."

అవ్వ కిందికి కూర్చుంది.

కామారెడ్డి పెద్ద దవాఖానలో పిల్లల వార్డు ఉందని, తల్లి కూడా ఉండొచ్చని, రెండు వారాలు పడుతుందని చెప్పాను. ఆ అమ్మాయి చాటలోని ఆకు చూసింది. అన్ని రోజులు బీడీలు ఇవ్వకపోతే పని ఇచ్చే బీడీ కార్డు పోతుంది. అవ్వ చాటను తన వైపు లాక్కుంది.

"నేను చుడ్త. నడుము పోతే పోయె. నువ్వు పో."

మర్నాడు పొద్దున ఎల్లారెడ్డి బస్టాండులో వాళ్లను నేనే ఎక్కించుకుని కామారెడ్డి తీసుకొచ్చాను. పదిహేను రోజులు వార్డులో ఉన్నారు. పని నుంచి వచ్చేటప్పుడు రోజూ పోయేదాన్ని. పిల్ల ఏడవడం మొదలుపెట్టిన రోజు నర్సు నవ్వింది. వార్డు నుంచి వచ్చేనాటికి ఏడు కిలోల ఆరు వందలు.

అన్నమాట ప్రకారం రిపోర్టు రాశాను. నేను ఆ ఇంటి నమ్మకం పోగొట్టానని, తర్వాత మూడు నెలల తూకాలు నిజం కావని, వాటిని నేను ఇంటికి పోయి సరిచూడలేదని. నాకు మెమో వచ్చింది. టీచర్‌కూ వచ్చింది. మీటింగులో మా పై మేడం అందరి బరువులూ తెర మీద చూపిస్తూ, మిగతావాళ్లకు తగ్గుతుంటే మీకే ఎరుపు ఎందుకు పెరిగిందని అడిగారు. పెరగలేదు మేడం, ఇప్పుడు రాశాం అన్నాను. టీ సమయంలో తోటి సూపర్‌వైజర్ ఒకామె నా పక్కకు వచ్చి "ఈ నిజాలన్ని నీకెందుకమ్మా" అని, తన కప్పు తీసుకుని వేరే గుంపులోకి పోయింది. మిగిలిన టీ నేను కిటికీ దగ్గర నిలబడి తాగాను.

టీచర్ నాతో పొడిగా మాట్లాడుతోంది. మెమో వచ్చిన దగ్గర్నుంచీ పనికి తగ్గ మాటలే. నేను చెప్పి రాసినా, నొప్పి నొప్పే. ఆమె మళ్లీ నా చెయ్యి పట్టుకుంటుందో లేదో తెలియదు. మా ఆయనకు పాప బరువు చెప్పాను. నాకు ముందే ఎందుకు చెప్పలేదు అన్నాడు. ఇవన్నీ పాప పడుకున్నాక ఇలా కాగితం మీద పెట్టుకోవడం తప్ప చెప్పుకోవడానికి మనిషి లేదు.

ఇవాళ సాయంత్రం పాపకు అన్నం కలుపుతుంటే ఫోన్ మోగింది. తాళం ఫొటో టీచర్. ఆమె తనంతట తాను నాకు ఫోన్ చేయడం ఇదే మొదలు.

"మేడం, ఆమెకు మెమో వచ్చిందట గదా."

"వచ్చిందమ్మా. నాకు గూడ వచ్చింది."

"మరి నేను చెప్తె నాకొస్తదా?"

రాదు అని చెప్పడం ఎంత తేలిక. ఆ మాట నోటిదాకా వచ్చింది. "రావచ్చు" అన్నాను. "నువ్వు చెప్పినవని నేను దాయను. పిల్లల దగ్గరికి మాత్రం రేపే వస్త."

అవతల ఎక్కడో కుక్కర్ కూత వేసింది. పెట్టేస్తుందనుకున్నాను. పాప నా మోచెయ్యి పట్టుకుని లాగుతోంది.

"రాసుకోండ్రి" అంది ఆమె. తర్వాత నెమ్మదిగా, ఒక్కొక్క పిల్ల పేరూ, ఒక్కొక్క అసలు బరువూ చెప్పడం మొదలుపెట్టింది.