గేటు పడితే నిలబడేవాళ్ళు

ఆదోనిలో పత్తిమిల్లుల వైపు పోయే దారిలో మొన్నమొన్నటిదాకా ఒక రైలుగేటు ఉండేది. గేటుకు ఇవతల, ఎండలో ఒక పాత గొడుగు పాతుకొని, సుంకులవ్వ బొరుగులూ వేయించిన చెనిక్కాయలూ అమ్మేది. నేను ఆ దారినే మిల్లుకు పోయేదాన్ని. చూసింది కొంత, ఆమె నోట విన్నది కొంత రాస్తున్నాను.

ఆమె పుట్టింది కోసిగి దగ్గర పల్లెలో. పెండ్లయినాక దుర్గప్ప వెంట ఆదోనికి వచ్చింది. దుర్గప్ప మిల్లులో పత్తి బేళ్ళు మోసే హమాలీ. ఆయన దగ్గు జబ్బుతో పోయి పన్నెండేండ్లయింది. పిల్లలు లేరు. పుట్టినూర్లో తమ్ముడున్నాడు గానీ, పంట లేని ఏడాది ఇంటిల్లిపాదీ మిరపకాయలు తెంపడానికి గుంటూరు వైపు సుగ్గికి, కూలి పనికి వలస పోతారు. ఆమె బస్సెక్కి పోయినప్పుడల్లా తలుపుకు తాళమే కనిపించేది. రెండు మూడు సార్లు అట్లా తిరిగొచ్చి, పోవడం మానుకుంది.

రోజుకు ఎన్నోసార్లు గేటు పడేది. గూడ్సు బండి అయితే ఎంతసేపు పడుతుందో దేవునికే తెలియాలి. అప్పుడు మిల్లుకు పోయే ఆడవాళ్ళందరం అవ్వ చుట్టూ చేరేవాళ్ళం. చంకలో బిడ్డ ఉన్నామెకు గొడుగు కింద చోటిచ్చేది. ఎవరి మొహం వాడినా కనిపెట్టేది. నాకు ఒకసారి జ్వరంగా ఉంటే, అడగకుండానే కడవలో నీళ్ళు ముంచి తన కొంగు తడిపి నా నుదుటి మీద వేసింది. ఆ చల్లదనం నాకు ఇప్పటికీ గుర్తే. ప్రభువు ఎవరి చేతులతో పని చేయించుకుంటాడో మనం చెప్పలేం.

"గేటు పడితేనే నాకు మనుషులు. గేటు లేస్తే యాడోళ్ళు ఆడికి పోతారు," అని నవ్వేది.

ఆ నవ్వులో ఏముందో మేము అంతగా పట్టించుకోలేదు. మాకు మిల్లు సైరన్ తొందర. గేటు పడినా కింద దూరిపోయేవాళ్ళమే ఎక్కువ. పట్టాల మీద గూడ్సు నిలబడి ఉంటే, డబ్బాల కింద వంగి అవతలికి పోయేవాళ్ళం. అవ్వ తిడుతూనే ఉండేది, మేము దూరుతూనే ఉంటిమి. గేటు తీసేయడానికి రెండేండ్ల ముందు వానల్లో, మాతో మిల్లుకు వచ్చే ఈరమ్మ అట్లా దూరినప్పుడు బండి కదిలింది. ప్రాణం దక్కింది, ఎడమ పాదం పోయింది. ఆ రోజు ఈరమ్మ తలను ఒళ్ళో పెట్టుకొని ఆటో వచ్చేదాకా మాట్లాడుతూ ఉన్నది సుంకులవ్వే.

ఆ తరువాత రైల్వే పోలీసులు వచ్చి, గేటు కింద దూరేవాళ్ళను పట్టుకొని జరిమానా వేయించారు. పేర్లు రాసుకున్నారు, వేలిముద్రలు వేయించుకున్నారు. మా ఇండ్ల వరుసలోనే ఆరుమంది కోర్టుకు పోయి రావలసి వచ్చింది. అప్పటినుంచి గేటు దగ్గర ఎవరైనా కాగితం పట్టుకొని కనిపిస్తే చాలు, దూరం నుంచే వెనక్కి తిరిగేవాళ్ళం.

ఎండలు ముదరకముందు, ఒక సోమవారం పొద్దున, మెరిసే పచ్చ చొక్కాలు వేసుకున్న నలుగురు గేటుకు అటూ ఇటూ కుర్చీలు వేసుకొని కూర్చున్నారు. చేతిలో అట్టలు, అట్టల మీద కాగితాలు. పోయేవాళ్ళను చూడడం, గీత గీయడం. సుంకులవ్వ అది చూసింది. ఎవరినీ ఏమీ అడగలేదు. కొంగు సర్దుకొని మా కాలనీ మలుపు దాకా వచ్చి నిలబడి, మమ్మల్ని ఆపేసింది.

"పేర్లు రాసుకుంటాండారు. ఈ వారం ఈ పక్కకు రావద్దు తల్లీ, పెద్ద వంతెన మీద సుట్టుకొని పోండి," అని చెప్పింది.

మేము ఆ మాట విన్నాం. పెద్ద వంతెన బండ్లు పోయేది, మైలు పైగా చుట్టు. అరగంట ముందు లేచి, వంట సగంలో వదిలి అట్లాగే పోయినాం. అవ్వ మేలు చేసిందనే అనుకున్నాం. ఆమె కూడా అట్లాగే అనుకుంది.

నాలుగు రోజులు గేటు దగ్గర ఆమె ఒక్కతే. గేటు పడేది, రైలు పోయేది, గేటు లేచేది. మోటారు సైకిళ్ళ వాళ్ళు హారన్ కొట్టుకొని పోయేవాళ్ళే గానీ దిగి నిలబడేవాళ్ళు లేరు. కట్టిన పొట్లాలు కట్టినట్టే ఉన్నాయి. "నాలుగు దినాల్లో నా గొంతు నాకే కొత్తగా వినపడింది పాపా," అని తరువాత నాతో చెప్పింది.

ఐదో రోజు మధ్యాహ్నం, ఆ పచ్చ చొక్కాల వాళ్ళలో ఒక పిల్ల గొడుగు నీడకు వచ్చి నీళ్ళడిగింది. పేరు కవిత. ఎమ్మిగనూరు పిల్ల, చదువు అయిపోయి ఈ పనిలో కొత్తగా చేరింది. అవ్వ నీళ్ళిచ్చి, బొరుగులు పెట్టి, ఎవరి మీద కేసు రాస్తున్నారని మెల్లగా అడిగింది. ఆ పిల్లకు మొదట అర్థం కాలేదు. అర్థమైనాక నవ్వింది. కేసులు కాదట. ఊర్లో రెండు గేట్ల దగ్గర లెక్క తీస్తున్నారట. ఎక్కడ నడిచేవాళ్ళు ఎక్కువో అక్కడ ముందు నడక వంతెన కడతారు. మెట్లూ, తోపుడు బండ్లకు ఏటవాలు దారీ. అది వచ్చినాక ఆ గేటు మూసి గోడ కడతారు.

"ఈడ కాదులే అవ్వా. ఈడ నడిచేటోళ్ళే లేరు గదా. రెండో గేటుకు పోతాది పని. నీ గేటు నీకు ఉంటాది," అంది కవిత, అవ్వకు మంచి మాట చెప్పినట్టే.

అవ్వ ఖాళీ చెంబు తీసుకొని కడవ మీద బోర్లించింది.

ఆ సాయంత్రం తాను ఏం ఆలోచించిందో తరువాత నాతో దాచకుండా చెప్పింది. ఇంకా రెండు రోజులు నోరు మూసుకుంటే చాలు. లెక్క ముగిసిపోతుంది, కుర్చీలు పోతాయి, మేమంతా తిరిగి వస్తాం. గేటు పడుతుంది, నిలబడతాం, మాట్లాడతాం. తాను అబద్ధం చెప్పాల్సింది కూడా లేదు. నాలుగు దినాలు ఒంటరిగా కూర్చున్నది కాబట్టి, గోడ కట్టినాక తన బతుకు ఎట్లుంటుందో ఆమెకు బాగా తెలుసు.

గంప నెత్తిన పెట్టుకొని ఇంటికి పోతుంటే దారిలో ఈరమ్మ ఇల్లు. కొళాయి వచ్చే వేళ. ఈరమ్మ నేల మీద కూర్చొని, జరుగుతూ, బిందెను ముందుకు తోసుకుంటూ కొళాయి దగ్గరికి పోతోంది. అవ్వ గంప దించి, బిందె పట్టి ఇంట్లో పెట్టింది. ఈరమ్మ ఆమెను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఇంత కష్టం ఉండేది కాదేమో అంది అవ్వ.

మరునాడు పొద్దున్నే గొడుగు పాతకముందే కవిత దగ్గరికి పోయి నిలబడింది.

"నేనే రావద్దంటిని. దినామూ ఈడ రెండు మూడు నూర్ల మంది ఆడోళ్ళు నడుస్తారు. మీరు కేసు రాస్తారని భయపడి నా మాటిని సుట్టు తిరిగి పోతాండారు. జరిమానా ఏసేదుంటే నాకెయ్యి."

కవిత చేతిలోని అట్ట పక్కన పెట్టిందట. తరువాత తమ పెద్దసారుకు ఫోన్ చేసింది. ఆయన ఊరికే నమ్మలేదు, రాసి ఇమ్మన్నాడు. అవ్వ చెప్పింది కవిత రాసింది, కింద అవ్వ వేలిముద్ర వేసింది. మొదటి ముద్ర చెదిరితే ఇంకోసారి వేసిందట. వచ్చే సోమవారం నుంచి మళ్ళీ ఏడు రోజుల లెక్క అని ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రం అవ్వ మిల్లు వదిలే వేళకు వచ్చి, వాళ్ళు రాసేది కేసులు కాదని, తాను తప్పు చెప్పిందని మా అందరికీ చెప్పింది. మాలో మల్లేశ్వరికి నోరెక్కువ. "నువ్వే పొమ్మంటివి, నువ్వే రమ్మంటివి. నీ మాటకు నా సెప్పులు అరిగిపాయె. కొత్తవి ఎవరిస్తారు?" అంది. అందరం నవ్వినాం. అవ్వ నవ్వలేదు. వంతెన వస్తే గేటు పోతుందని కూడా ఆమే చెప్పింది. అప్పుడు నువ్వు యాడ కూర్చుంటావని మాలో ఒక్కరమూ అడగలేదు. నేనూ అడగలేదు.

రెండో లెక్క పండగలాగే జరిగింది. తల దువ్వుకొని, కుర్చీల ముందర నిదానంగా నడిచినాం. మల్లేశ్వరి ఒకసారి అవతలికి పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకోసారి పోబోయింది. లెక్క పెరుగుతుందని ఆమె ఆశ. అవ్వ ఆమె కొంగు పట్టుకొని లాగింది. "ఈరన్నస్వామి సూస్తాంటాడు. ఉన్నెంత మందే పోండి, సాలు," అంది. ఉన్నంత మందే చాలినారు.

ఏడాదిన్నరకు వంతెన పూర్తయింది. గేటు తీసేసి అటూ ఇటూ గోడ కట్టారు. మొదటి రోజు ఈరమ్మను తోపుడు బండిలో కూర్చోబెట్టి ఏటవాలు దారి మీదుగా అవతలికి తీసుకుపోయినాం. పైన గాలికి ఆమె కొంగు ఎగురుతుంటే, కింద పట్టాలను చూసి కండ్లు మూసుకుంది. అప్పటినుంచి ఆ చోట ఎవరికీ ఏమీ కాలేదు. ప్రతి రాత్రి ప్రార్థనలో ఆ మాట చెప్పుకుంటాను.

సుంకులవ్వ మెట్ల మొదట్లో కూర్చుంటోంది. మెట్లెక్కేవాళ్ళు నిలబడరు. ఎక్కబోయే ఆయాసం, ఎక్కినాక తొందర. పైనుంచి "అవ్వా!" అని కేకేసి చెయ్యి ఊపి పోతాం. ఆమె తలెత్తేలోపల మేము దాటిపోతాం. రైళ్ళు మాత్రం ఎప్పటిలాగే పోతుంటాయి. ఒకనాడు నేను కిందికి దిగి అడిగినాను, ఎట్లున్నావవ్వా అని.

"రైలొస్తే నిలబడేటోళ్ళు లేరు. మంచిదే గదా పాపా," అంది.

ఆ రోజు నాకు తొందర లేదు. ఆమె పక్కన గోనెపట్ట మీద కూర్చున్నాను. గేటు పడినప్పుడు మాట్లాడుకోవడం అలవాటైన వాళ్ళం, గేటు లేనప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో మాకు తెలియలేదు. కాసేపటికి ఆమే, "పొద్దున తినేకి ఏం సేసినావు, బొరుగుల ఉగ్గానా?" అని అడిగింది.