ఎత్తిన పందిరి దించమన్న సుకుమారి

ఆత్మకూరు బస్టాండులో సుకుమారి తుమ్మితే ఉదయగిరి కొండ మీద మేకలు మేత మానేసి తలెత్తుతాయని ప్రతీతి. నిజమో కాదో మేకలే చెప్పాలి గానీ, ఆ గొంతు మాత్రం అంతటిదే. ఆ గొంతుతోనే ఆమె టెంట్ హౌస్ నడుపుతోంది. కాకపోతే ఆటోలో కూర్చుని, ఫోనులో. తను కట్టించిన పందిరి కిందికి మాత్రం తలకాయ పెట్టదు.

ఆ భయం ఊరికే పట్టింది కాదు. కిందటేడు కొండాపురంలో ఒక పెళ్ళికి వేసిన షామియానా ఆమె కళ్ళముందే గాలికి కూలి, భర్త సురేంద్రబాబు తొడ ఎముక విరిగింది. అప్పటినుంచి వ్యాపారం ఆమె నెత్తిన పడింది. దాంతోపాటే ఆయన ఆచారాలూ పడ్డాయి. పందిరి లేపేటప్పుడు యజమాని నడిమి గుంజ పట్టుకుని దాని కిందే నిలబడాలి. అది చూసే కూలీలకు ధైర్యం. ఎత్తిన పందిరిని శుభకార్యం ముగిసేదాకా దించకూడదు. దించితే కట్టిన చేతికీ, కట్టించుకున్న ఇంటికీ అశుభం.

సురేంద్రబాబు నిలబడే తీరు మీద మర్రిపాడు దాకా కథలున్నాయి. సుడిగాలి వచ్చి గుంజతో సహా మనిషిని పైకి లేపినా మీసం వెంట్రుక కదల్లేదట. ఆ గాలిలోనే టీ తాగాడట, గ్లాసులోంచి చుక్క ఒలకలేదట.

ఈ ఏడు ఉదయగిరిలో చర్చి సంఘం సభల పందిరి బేరం సుకుమారికి వచ్చింది. సంఘ పెద్ద కొండలయ్య, రిటైరైన బడిపంతులు, మెలిక పెట్టాడు.

“అమ్మా, మీ ఆయన మాదిరి నువ్వు గుంజ కింద నిలబడాల. ఓనరే భయపడే పందిట్లో మా జనం ఎట్టా కూర్చుంటారు? కాదంటే చెప్పు, చేజర్ల టెంట్ హౌసోళ్ళు కాసుకోనుండారు.”

మేస్త్రి అల్లాబకాష్ అంతకంటే ఘాటుగా అన్నాడు. “వదినా, ఫోన్లో అరిస్తే గుంజలు లేస్తాయేమో గానీ మనుషులు లేవరు. ఈసారి గూడా ఆటో దిగకుంటే మావోళ్ళు నిలబడరు. షాపు మూసుకోవాల్సిందే.”

ఇక తప్పదని సుకుమారి బయలుదేరింది. చేతికర్రతో సురేంద్రబాబూ ఆటో ఎక్కాడు. దారిలో ఆమె అడిగింది. “ఏమయ్యా, నీ ధైర్యంలో రవ్వంత నాకియ్యరాదా?”

“నా దగ్గర యాడుండాదిలే,” అని ఆయన కొండవైపు చూశాడు. అణకువ అనుకుందామె.

మైదానంలో నడిమి గుంజ పట్టుకుంది. మోకాళ్ళు ఒకదానికొకటి తగిలి తాళం వేస్తున్నాయి. కళ్ళు మూసుకుని, “ఎత్తండి!” అంది. మోకులు బిగిశాయి. గుడ్డంతా ఒక్కసారి పైకి లేచింది.

అది లేచీ లేవకముందే కొండ వాలు మీద దుమ్ము లేచింది. చూస్తుండగానే కొండ సగం కనబడకుండా పోయింది. షామియానా నూనెలో పడ్డ పూరీలా ఉబ్బింది. పడమటి మోకు కిర్రుమంది.

సుకుమారి కళ్ళు తెరిచింది. కొండాపురంలో విన్న కిర్రు అదే! పెళ్ళి కూతురి తండ్రి అక్షింతల పళ్ళెంతో పరుగెత్తడం, గుడ్డ కింద భర్త కేక, అన్నీ కళ్ళముందుకు వచ్చాయి. ఆటో దగ్గరున్న భర్తను చూసింది. ఆయన నోరు తెరుచుకుని ఉంది. మాట రావడం లేదు.

“దించండి!” అని సుకుమారి అరిచింది.

కూలీలు మోకులు పట్టుకుని కొయ్యబారిపోయారు. ఆ మాట ఆ టెంట్ హౌస్‌లో ఎవరూ ఎన్నడూ విన్నది కాదు.

“ఏందీ?” అన్నాడు అల్లాబకాష్. “వదినా, ఎత్తిన పందిరి...”

కొండలయ్య పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. “అమ్మా, శకునాలూ గికునాలూ మా మతంలో లేవు. అయినా గానీ దించబాకమ్మా!”

“అశుభమంతా నా నెత్తిన పోసుకుంటా! అల్లాబకాష్, ఇంటికాడ నీ పిల్లోళ్ళను తలుచుకోని దించరా!”

ఎవరూ కదలకపోతే తనే పడమటి మోకు ముడి లాగేసింది. అప్పుడు గాని వాళ్ళ చేతులు ఆడలేదు. గుడ్డ నేలకు దిగింది. అందరూ దాని మీద పడి కూర్చున్నారు. కొండలయ్య అయితే బోర్లా పడుకున్నాడు. గాలి వచ్చింది. ఎదుటి టీ అంగడి రేకు లేచిపోయింది. మర్రిపాడులో దిగిందని కొందరు, ఇంకా దిగలేదని కొందరు అంటారు.

గాలి పోయాక చూస్తే ఎవరికీ గీత పడలేదు. సురేంద్రబాబు కుంటుకుంటూ వచ్చి గుడ్డ మీద ఆమె పక్కన కూలబడ్డాడు.

“కొండాపురంలో ఈ మాటే నా నోటిదాకా వచ్చినాది,” అన్నాడు. “జనం ఏమనుకుంటారో అని మింగేసినాను.”

సుకుమారి తెల్లబోయింది. “మరి గుంజ కింద అంత ధైర్యంగా నిలబడేవోడివి గదయ్యా?”

“మొట్టమొదటి పందిరప్పుడు గాలొస్తే పారిపోదామనుకున్నా. కాళ్ళు రాలేదు. గుంజ కరుచుకోనుంటే శూరుడన్నారు. కాదని ఏ మొగంతో చెప్పేది? ఆ తర్వాత ప్రతిసారీ నిలబడాల్సొచ్చినాది.”

రేకు ఎగిరిపోయినప్పుడు కూడా ఆమె అంత అదిరిపడలేదు. “ఓరి నీ ఇల్లు బంగారంగానూ! నీ ధైర్యం చూసుకోని ఇన్నాళ్ళూ నేను సిగ్గుతో చస్తా ఉంటినే!” అంది. కొట్టాలో నవ్వాలో తెలియక చేతికర్ర లాక్కుని పక్కన పెట్టింది.

కొండలయ్య మీసాల మట్టి దులుపుకుంటూ అడిగాడు. “మళ్ళా ఎత్తుతారా అమ్మా?”

“గాలి చూసుకోని ఎత్తుతాం సార్. మళ్ళా వస్తే మళ్ళా దించుతాం. ఇష్టం లేకుంటే చేజర్లోళ్ళను పిలుచుకోండి.”

ఆయన రేకులేని టీ అంగడి వైపు చూశాడు. “దించేటప్పుడు ముందు నాకో కేకెయ్యి. ఈసారి పక్కకు పోతా.”

ఎండ వాలాక మళ్ళీ మోకులు పట్టారు. సుకుమారి నడిమి గుంజ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒక కూలీ అప్పుడే కొత్త కథ మొదలెట్టాడు. “చూడండ్రా, వదిన మహారాణి మాదిరి ఎట్టా కూర్చోనుండాదో!”

సురేంద్రబాబు తల వంచుకున్నాడు. అది చూసి ఆమె గొంతెత్తింది. ఆ కేకకు కొండ మీద మేకలు తప్పకుండా తలెత్తి ఉంటాయి.

“మహారాణీ లేదు, ఏమీ లేదురా! మోకాళ్ళు వణికి నిలబడలేక కూర్చున్నా. లాగండ్రా మోకు!”

నవ్వుతూనే లాగారు.