అత్తగారు కోసిన క్రోకస్ మొగ్గలు

మొన్న జనవరిలో, బయట ఇంకా మంచు గడ్డకట్టి ఉండగానే, మా కోడలు కూరల కొట్టు నుంచి పాలతోపాటు ఒక చిన్న ప్లాస్టిక్ కుండీ తెచ్చి వంటింటి గట్టుమీద పెట్టింది. అందులో నాలుగైదు క్రోకస్ పూలు, పసుపుపచ్చవి, హాయిగా రేకులు విప్పుకుని నిలబడి ఉన్నాయి. బిల్లు కట్టే చోట వరసగా పేర్చి ఉంటే, బాగున్నాయని ఒకటి తెచ్చిందట. పిల్ల ముచ్చటపడి తెచ్చింది కదా అని బాగుందమ్మా అన్నాను గాని, నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. ఆ పువ్వు నా ముంగిట్లో ఒక్కసారి విచ్చుకోగా చూడాలని ఏళ్ళ తరబడి కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసినదాన్ని నేను. అదేమో ఇప్పుడు పాలడబ్బా పక్కన కూర్చుని, ఎవరూ అడక్కుండానే విచ్చుకుని కూర్చుంది.

డెబ్బైల చివర్లో మేము ఒహాయోలో ఒక చిన్న ఊళ్ళో మొదటి ఇల్లు కొనుక్కున్నాం. మనతరం వాళ్ళకి చెప్పనక్కర్లేదు, అప్పట్లో నాలుగు తెలుగు మాటలు వినాలంటే గంటసేపు కారులో వెళ్ళాలి, కరివేపాకు కావాలంటే ఇండియా నుంచి వచ్చేవాళ్ళ సూట్‌కేసుల మీద ఆశలు పెట్టుకోవాలి. మావారు ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు, నాది ఆస్పత్రి ల్యాబులో రక్తపు స్లైడ్లు చూసే ఉద్యోగం. మావగారు పోయాక అత్తగారు మా దగ్గరే ఉండటానికి వచ్చేశారు. నవంబరు మొదలు ఆకాశం మీద ఎవరో మూతపెట్టినట్టు ఉండే ఆ ఊళ్ళో, చీకట్లో వెళ్ళి చీకట్లో ఇంటికి వచ్చే ఆ చలికాలాలు నన్ను నలిపేసేవి.

అలాంటి రోజుల్లో పక్కింటి ముసలావిడ ఒక కాగితపు సంచిలో చిన్న ఉల్లిపాయల్లాంటి దుంపలు ఇచ్చి, నేల గడ్డకట్టకముందే పాతిపెట్టి మరిచిపొమ్మంది, మంచు కరుగుతూండగా అన్నిటికంటే ముందు ఇవే పూస్తాయంది. పాతడమైతే పాతాను గాని మరిచిపోతేనా! ఆ పువ్వు నా గుమ్మం ముందు విచ్చుకున్న రోజున నేను ఈ దేశంలో నిలదొక్కుకున్నట్టేనని మనసులో ఒక పిచ్చి ఒప్పందం చేసుకున్నాను. మావారికి కూడా చెప్పలేదు, నవ్వుతారని.

మార్చిలో మొగ్గలు లేచాయి. అయితే ఆ పువ్వుకి ఒక పెంకితనం ఉంది. ఎండ బాగా పడి కాస్త వెచ్చగా ఉంటేనే మధ్యాహ్నం పూట రేకులు విప్పుతుంది, సాయంత్రం చలి పడగానే ముడుచుకుపోతుంది. తెల్లారకముందే బస్సెక్కి సాయంత్రం దిగే నాకు అది కనబడేదెప్పుడు? శనివారాలు కూడా డ్యూటీయే. ఇక ఆదివారం మీద ఆశ పెట్టుకుంటే, ఆదివారం నాటికి అక్కడ మొగ్గే లేదు.

ఫ్రిజ్ తెరిస్తే కనబడ్డాయి, తడిగుడ్డలో చుట్టి, పెరుగుగిన్నె పక్కన. మా అత్తగారు పొద్దున్నే స్నానం చేసి, మావారి మంచు బూట్లు తొడుక్కుని, కోటు మీద నుంచి కొంగు కప్పుకుని వెళ్ళి మొగ్గలన్నీ కోసుకొచ్చేవారు. మల్లెమొగ్గలు కోసి తడిగుడ్డలో పెడితే దీపాలవేళకి వాటంతట అవే విచ్చుకుంటాయి కదా, ఇవీ అంతేననుకున్నారు. ఇన్నాళ్ళకి అమ్మవారికి పసుపుపచ్చటి పూలు దొరికాయని ఆవిడ సంబరం. దీపాలవేళకి అవి ఉడికిన తోటకూరలా వేలాడిపోయేవి. ఇదేం పువ్వమ్మా, కోశాక విచ్చుకోదు, దండకి కాడ కూడా ఉండదు అని ఆవిడ విసుక్కునేవారు, మర్నాడు మళ్ళీ కోసేవారు.

దేవుడికి పూలు కోయవద్దని అత్తగారితో ఏ కోడలు అనగలదు? ఆ కోపమంతా తోమే గిన్నెల మీద చూపించాను. మావారిని చెప్పమంటే, మీ మధ్యలోకి నన్ను లాగొద్దని పేపరు అడ్డం పెట్టుకున్నారు. మరుసటి ఏడు పెరటి కంచె పక్కన, ఆవిడ నడవలేని చోట కొన్ని పాతితే, వాటిని ఉడతలు తవ్వి తినేశాయి. ముందున్నవి యథాప్రకారం ఫ్రిజ్‌లోకి వెళ్ళాయి. ఆ ఉడతల మీద కోపం కూడా నేను గిన్నెల మీదే చూపించాను.

ఆ తరవాతి ఏడు మార్చిలో ఇక నావల్ల కాలేదు. మొదటి మొగ్గ కనబడగానే, ఈ ఒక్క ఏడాదీ వాటిని ముట్టుకోవద్దు అత్తయ్యగారూ అని గట్టిగానే అన్నాను. ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుని, నీ పూలు నువ్వే చూసుకో తల్లీ అని అమ్మవారికి అక్షింతలతో సరిపెట్టడం మొదలుపెట్టారు. నాతో మాటలు తగ్గించేశారు. నేనూ తగ్గలేదు, అడిగిందేమన్నా గొంతెమ్మ కోరికా?

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ల్యాబులో ఫోను మోగింది. మా సూపర్‌వైజరు ఎత్తి, అర్థంకాక రిసీవరు నా చేతికిచ్చింది. ఇంగ్లీషు ముక్క రాని మా అత్తగారు, ఆపదవేళకని మావారు గోడకి అంటించిన నంబరు చూసి డయల్ చేశారు. ఇంట్లో ఏమైందో అని రిసీవరు చెవికి అదుముకున్నాను.

“అమ్మాయ్, నీ పూలు విచ్చుకున్నాయే! లోపల కాషాయం రంగు కేసరం ఉందే! తేనెటీగ కూడా వచ్చిందే. ఎంత పచ్చగా ఉన్నాయనుకున్నావ్! నువ్వు తొందరగా వచ్చెయ్!”

స్లైడ్లు అలా వదిలేసి ఎలా రాను? సూపర్‌వైజరుని బతిమాలి కాస్త ముందు బయలుదేరితే, ఆ బస్సు కూడా ఆ రోజే ఆలస్యం. ఇంటికి చేరేసరికి అత్తగారు కోటు వేసుకుని మెట్ల మీద కాపలా కూర్చుని ఉన్నారు. పూలు ముడుచుకుపోయాయి.

“ఇంతసేపూ ఉన్నాయమ్మా. మా కోడలొస్తోంది, ఉండండర్రా అన్నాను, ఉండలేదు” అన్నారు, తప్పు తనదైనట్టు.

మర్నాడు మంచు కురిసి వాటిని పడగొట్టేసింది. ఆ వేసవిలో మావారి ఉద్యోగం టెక్సాస్‌కి మారింది, ఆ వేడికి ఈ పూలు బతకవు. దుంపలు ఇంటితోపాటే ఎవరికో వెళ్ళిపోయాయి. టెక్సాస్‌లో ఎవరు భోజనానికొచ్చినా మా అత్తగారు మా కోడలి పూలంటూ మొదలుపెట్టి, ఆ కేసరాన్నీ తేనెటీగనీ వర్ణించేవారు. నేను చూడని నా పువ్వు గురించి వడ్డిస్తూ వినేదాన్ని, ప్రతిసారీ ఉడుక్కునేదాన్ని. ఆవిడ పోయాక ఉడుక్కోవడానికీ ఏమీ మిగల్లేదు.

ఇప్పుడైతే ఆవిడే ఫోటో తీసి క్షణంలో పంపేవారు, నేను చూసి మళ్ళీ పనిలో పడేదాన్ని. అబ్బాయి దగ్గర ఉంటున్న ఈ ఇంట్లో నాకు బస్సు లేదు, డ్యూటీ లేదు, మధ్యాహ్నమంతా కుండీ ముందు కుర్చీ వేసుకుని చూస్తూనే కూర్చున్నాను. రేకులు విప్పుకునే ఉన్నాయి, కేసరం ఆవిడ చెప్పిన రంగే. కానీ ఆ రోజు ఫోనులో విన్నంత పచ్చగా లేదు ఈ పువ్వు.